చెన్నపట్నంలో కాపురం ఎక్కడ? బాడుగ మాట్లాడే ముందు అడగాల్సిన మూడు ప్రశ్నలు

బడులకు వేసవి సెలవులిచ్చే నాటికి హోసూరు, కృష్ణగిరి చుట్టుపట్ల మన ఇళ్ళలో ఒక లెక్క మొదలవుతుంది. ఒక ఇంట్లో కొడుక్కి ఒరగడం కార్ఖానాలో పని దొరికి ఉంటుంది. ఇంకో ఇంట్లో కోడలికి సోళింగనల్లూరులో కంప్యూటరు ఉద్యోగం వచ్చి ఉంటుంది. మరో ఇంట్లో అల్లుడికి సచివాలయానికి బదిలీ అయి ఉంటుంది. మరి కాపురం ఎక్కడ పెట్టాలి? మామూలుగా వినబడే జవాబులు రెండే. పనికి దగ్గరగా అంటారు, లేదంటే బాడుగ తక్కువగా ఉన్న తావులో అంటారు.

రెండూ న్యాయమైన మాటలే. కానీ తరతరాలుగా ఇక్కడ పాతుకుపోయిన తెలుగు కుటుంబాలకు అవి చాలవు. వాననీరు ఎక్కడ నిలుస్తుంది, బిడ్డ చదివే బడిలో తెలుగు అక్షరానికి చోటుందా, పండగకు ఊరికి రావడానికి దారేది అనే మూడు ప్రశ్నలు కూడా అడగాలి. వీటిలో మొదటిది, మూడోది తప్పితే ఇల్లు మార్చి సర్దుకోవచ్చు. రెండోది తప్పితే సర్దుకోవడానికి ఒక తరం పడుతుంది. అసలు సర్దుకోలేకపోవచ్చు కూడా. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

బెంగళూరు వేరు, చెన్నపట్నం వేరు

హోసూరు వాళ్ళకు పట్నమంటే చాలాకాలంగా బెంగళూరే. 40 కిలోమీటర్ల దూరం. పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరవచ్చు. అందుకే బెంగళూరు ఉద్యోగం వస్తే మనలో చాలామందికి కాపురం మార్చే పని పడలేదు. ఇల్లు ఇక్కడే, బిడ్డల బడి ఇక్కడే, మాట ఇక్కడిదే. చెన్నపట్నం అలా కాదు. హోసూరు నుంచి 300 కిలోమీటర్లు దాటుతుంది, కృష్ణగిరి నుంచి దాదాపు 260. రోజూ పోయి వచ్చే దూరం కాదు కాబట్టి ఇల్లు ఎత్తిపెట్టాల్సిందే. ఇల్లుతో పాటు బడి మారుతుంది, బడితో పాటు బిడ్డ రాసే అక్షరం మారుతుంది.

మన తాతల కాలంలో మనది సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా అయింది, 2004 ఫిబ్రవరి 9న కృష్ణగిరి జిల్లా వచ్చింది, 2019లో హోసూరు నగరపాలక సంస్థ అయింది. పైన బోర్డులు ఎన్ని మారినా బాగలూరు, బేరికె, తళి, శూలగిరి అంగళ్ళలో మాట మారలేదు. తెలుగు చెప్పే సర్కారు బడులు మనకు అందుబాటులో ఉన్నాయి. తెలుగును ఎంచుకోవాల్సిన అవసరం మనలో ఎవరికీ రాలేదు. అది వీధిలో ఉంది, బడిలో ఉంది, పెళ్ళి శుభలేఖ మీద ఉంది.

తమిళనాట మిగతా తెలుగువాళ్ళ సంగతి చూస్తే దీని విలువ తెలుస్తుంది. 2011 జనాభా లెక్కల్లో ఈ రాష్ట్రంలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు దాదాపు 42 లక్షలు, అంటే నూటికి ఆరుగురికి కాస్త తక్కువ. కోయంబత్తూరు, కోవిల్‌పట్టి, రాజపాళయం వైపు వెళితే నాలుగైదు వందల ఏళ్ళుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు కనబడతాయి. వాళ్ళ మాటలో మనం మరచిపోయిన పాత పదాలు కూడా వినబడతాయి. కానీ వాళ్ళలో చాలామంది తెలుగు చదవలేరు. మాట ఇంట్లో నిలిచింది, అక్షరం బడి లేక పోయింది. హోసూరు, కృష్ణగిరి వాళ్ళకు ఇప్పటికీ రెండూ ఉన్నాయి. చెన్నపట్నంలో ఇల్లు వెతికేటప్పుడు మనం చేతిలో పట్టుకుపోతున్న సొమ్ము అది.

పాత తెలుగు పట్నం, కొత్త కొలువుల పట్నం

చెన్నపట్నంలో తెలుగువాళ్ళు లేక కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయే ముందు మద్రాసు ఎవరికి అన్నదే పెద్ద తగాదా. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచింది మైలాపూరులోని బులుసు సాంబమూర్తి ఇంట్లోనే. నేడు మనం టి. నగర్ అని పిలిచే త్యాగరాయనగరానికి పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగువాడు. దాని నడుమనున్న పానగల్ పార్కు తెలుగు జమీందారు పేరు మీదిది. షావుకారుపేట, జార్జిటౌను వీధుల్లో కోమట్ల అంగళ్ళు, చాకలిపేట, పెరంబూరు, వ్యాసర్‌పాడి, తిరువొత్తియూరు వైపు కూలీనాలీ చేసుకున్న తెలుగు కుటుంబాలు, వడపళని, కోడంబాక్కం, సాలిగ్రామంలో సినిమా పనివాళ్ళు. ఇది పాత తెలుగు పట్నం. మన బడులు కూడా దాదాపు అక్కడే వెలిశాయి. కేసరి కుటీరం అధిపతి కె.ఎన్. కేసరి పేరున్న బడి, కన్యకాపరమేశ్వరి దేవస్థానం వారి ఎస్.కె.పి.డి. బడి, దుర్గాబాయి దేశ్‌ముఖ్ పెట్టిన ఆంధ్ర మహిళా సభ, పాత చాకలిపేటలోని త్యాగరాయ కళాశాల, అన్నీ పాత ఊరి పరిధిలోనివే.

ఇప్పుడు కొలువులు ఎక్కడున్నాయో చూడండి. కంప్యూటరు ఉద్యోగాలు తరమణి నుంచి సిరుసేరి దాకా పాత మహాబలిపురం రోడ్డు పొడవునా ఉన్నాయి. కార్ల కార్ఖానాలు, ఫోన్ల కార్ఖానాలు ఇరుంగాట్టుకోట, శ్రీపెరుంబుదూరు, ఒరగడం వైపు ఉన్నాయి. హోసూరు సిప్‌కాట్‌లో పని నేర్చిన మన పిల్లలకు బాగా పనికొచ్చేది ఈ పడమటి దిక్కు. ఉత్తరాన ఆంధ్ర సరిహద్దు దాటగానే శ్రీసిటీ ఉంది. సచివాలయం, హైకోర్టు మాత్రమే పాత ఊళ్ళో మిగిలాయి.

అంటే తెలుగు ఒక మూల, జీతం ఇంకో మూల. ఇల్లు వెతికే కుటుంబం నిజంగా తేల్చుకోవాల్సింది ఈ రెంటి నడుమ దూరాన్ని. సోళింగనల్లూరులో పనిచేసేవాళ్ళను షావుకారుపేటలో కాపురముండమని చెప్పడం తేలికే. రోజుకు మూడు గంటలు బస్సులో పోయాక ఇంటికొచ్చి బిడ్డకు తెలుగు చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే పాత తెలుగు పేటలకే పొమ్మని మేము చెప్పడం లేదు. కొత్త తావుల్లోనైనా విడివిడిగా కాక నలుగురు దగ్గరగా ఉండేలా చూసుకోమంటున్నాం. ఎందుకో బడి దగ్గర చెబుతాం.

ముందు నీళ్ళ సంగతి

హోసూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. వాన పడితే నీరు కిందికి పోతుందన్నది మనకు పుట్టుకతో వచ్చిన నమ్మకం. చెన్నపట్నంలో చాలా పేటలు పది మీటర్ల ఎత్తు కూడా దాటవు. అక్కడ నీరు పోవడానికి దారి వెతుక్కోవాలి. దారిలో ఇల్లుంటే ఇంట్లోకి వస్తుంది. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది. మనవాళ్ళు ఇల్లు చూసేది మే నెలలో. మే నెలలో ప్రతి వీధీ పొడిగానే ఉంటుంది.

2015 డిసెంబరు 1, 2 తేదీల్లో అడయారు పొంగినప్పుడు ముడిచ్చూరు, వరదరాజపురం, జాఫర్‌ఖాన్‌పేట, సైదాపేట, కొట్టూర్‌పురం మునిగాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నాడు వేలచ్చేరి, మడిపాక్కం, పళ్ళికరణై, పెరుంబాక్కం రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అదే వరదలో ఎన్నూరు వాగులోకి చమురు కొట్టుకొచ్చి ఉత్తరాది పేటల్లో ఇళ్ళ గోడలకు అంటుకుంది. మనకూ వరద తెలియనిది కాదు. 2024 డిసెంబరు మొదట్లో ఫెంగల్ తుపానుకు మన జిల్లాలోని ఊత్తంగరైలో ఒక్క రోజులో 50 సెంటీమీటర్ల వాన పడి బండ్లు కొట్టుకుపోవడం చూశాం. కానీ మన వైపు అది ఎప్పుడో వచ్చే ఆపద. అక్కడ కొన్ని పేటల్లో అది రెండు మూడేళ్ళకొకసారి వచ్చే చుట్టం.

ముఖ్యంగా కొనేవాళ్ళకు ఒక మాట. పళ్ళికరణై ఒకప్పుడు పెద్ద చిత్తడి నేల. దక్షిణ చెన్నై వాననీరంతా చేరి, ఇంకి, సముద్రానికి పోయే తావు అది. దాని మీద రోడ్లు, ఇళ్ళు, చెత్త దిబ్బ వచ్చాక మిగిలింది కొంతే. ఆ మిగిలినదానికి 2022లో అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2025లో జాతీయ హరిత ట్రిబ్యునల్, హద్దుల అధ్యయనం ముగిసేదాకా దాని చుట్టూ ఒక కిలోమీటరు లోపు కొత్త కట్టడాలకు అనుమతులివ్వవద్దని చెప్పింది. కంప్యూటరు ఉద్యోగాలకు దగ్గరని ఆ చుట్టుపక్కల ఫ్లాటుకు బయానా ఇచ్చే ముందు పత్రాలను ఒకటికి రెండుసార్లు వకీలుకు చూపించండి.

వరద ఒక పక్క, కరువు ఇంకో పక్క. 2019 ఎండాకాలంలో పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులు ఎండిపోయి పట్నం గొంతెండినప్పుడు, జూలైలో మన పక్కనున్న జోలార్‌పేట నుంచే రైలు వ్యాగన్లలో నీళ్ళు విల్లివాక్కానికి పంపారు. 1983 ఒప్పందంతో మొదలైన తెలుగుగంగ 1996 నుంచి కృష్ణా నీటిని కండలేరు మీదుగా పూండికి తెస్తోంది. మీంజూరు, నెమ్మెలిలో సముద్రపు నీటిని మంచినీరు చేసే కేంద్రాలు వచ్చాయి. ఇన్ని ఉన్నా పాత మహాబలిపురం రోడ్డు పక్క చాలా అపార్టుమెంట్లు ఎండాకాలంలో ట్యాంకరు నీళ్ళ మీదే నడుస్తాయి. కాబట్టి బాడుగ ఎంతని అడిగిన నోటితోనే మెట్రో నీటి గొట్టం ఇంటిదాకా ఉందా, ట్యాంకరు ఖర్చు ఎవరిది అని అడగాలి.

2015లోనూ, 2023లోనూ వీధిలో నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో ఇంటి యజమానిని అడిగితే ఒక మాట చెబుతారు. వీధి చివర ఇస్త్రీ బండి ఆయన్నో, పాలు పోసే ఆమెనో అడిగితే గోడ మీద గుర్తు చూపిస్తారు.

పది మంది బిడ్డల లెక్క

ఇక అసలు విషయానికి వద్దాం. తమిళనాడు తమిళ అభ్యసన చట్టం 2006లో వచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున పైకి వెళ్ళింది. దాని ప్రకారం మొదటి భాగం తమిళం, రెండో భాగం ఇంగ్లీషు, మూడో భాగం లెక్కలు, సైన్సు వంటి మిగతా పాఠాలు. తమిళం, ఇంగ్లీషు కాక వేరే మాతృభాష ఉన్న బిడ్డలు దాన్ని నాలుగో భాగంగా, ఐచ్ఛికంగా చదువుకోవచ్చు. పదో తరగతి తమిళ పరీక్ష నుంచి భాషా అల్పసంఖ్యాక పిల్లలకు మినహాయింపు కోసం ఎన్నో ఏళ్ళు కోర్టుల్లో నడిచింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ ఏటి పరీక్షకు ఊరట ఇచ్చింది. ఆ పోరాటాన్ని మన పాఠకులు ఎరుగుదురు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. తమిళం నేర్చుకోవడం మనకు నష్టం కాదు. 2021 చివరి నుంచి తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగ పరీక్షల్లో తమిళ అర్హత పత్రం తప్పనిసరి అయింది. సర్కారు కొలువు కావాలంటే మన బిడ్డలు తమిళం బాగా రాయాల్సిందే, రాస్తున్నారు కూడా. మన బాధ తమిళం వచ్చిందని కాదు. దాని పక్కన తెలుగుకు కుర్చీ వేయడం లేదని.

నాలుగో భాగం కాగితం మీద ఉంటే బిడ్డకు తెలుగు రాదు. బడి ఆ పాఠాన్ని నడపాలి, నడపడానికి టీచరుండాలి, టీచరును వేయాలంటే పిల్లలుండాలి. హోసూరులో పిల్లలుంటారు కాబట్టి అడిగే బలముంది. చెన్నపట్నంలో ఒక్కో అపార్టుమెంటులో ఒక్కో తెలుగు కుటుంబం ఉంటే, ఒక్కో బడిలో ఒక్కో తెలుగు బిడ్డ ఉంటుంది. ఒక్క బిడ్డ కోసం ఏ బడీ టీచరును వేయదు. ప్రైవేటు బడుల్లో అయితే రెండో భాషగా తమిళం, హిందీ, సంస్కృతం, ఫ్రెంచి అడిగితే దొరుకుతాయి. తెలుగు దొరకడం అరుదు.

1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక కొలత పెట్టింది. ప్రాథమిక బడి మొత్తంలో 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ వేరే మాతృభాష పిల్లలుంటే, వాళ్ళకు ఆ భాషలో చెప్పే ఏర్పాటు చేయాలన్నది ఆ కొలత. 1956లో కేంద్రం ప్రకటించిన భాషా అల్పసంఖ్యాకుల రక్షణల్లో కూడా అది చేరింది. అదే ఏడాది రాజ్యాంగంలోకి వచ్చిన 350ఎ అధికరణం, ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలంటుంది. 350బి అధికరణం భాషా అల్పసంఖ్యాకుల కోసం ప్రత్యేక అధికారిని పెట్టింది. ఈ కొలత ఎక్కడ అమలైంది, ఎక్కడ కాలేదు అన్నది వేరే కథ. మనకు ఇక్కడ కావలసింది దానిలోని లెక్క. హక్కు అడగాలంటే ఒక తరగతిలో పది మంది కావాలి.

పది మంది అంటే పెద్ద సంఖ్య కాదు. ఒకే పేటలో కాపురముండి, బిడ్డలను ఒకే బడికి పంపే పది కుటుంబాలు. హోసూరు, డెంకణికోట, కృష్ణగిరి, వేపనపల్లి నుంచి చెన్నపట్నం పోతున్న మనవాళ్ళు ఒకరినొకరు అడిగి ఇల్లు చూసుకుంటే ఇది అందనిదేమీ కాదు. ఇప్పుడు జరుగుతున్నది దీనికి వ్యతిరేకం. ఎవరికి వారు ఫోన్‌లో ఫ్లాటు చూసుకుని, ఎవరి మూలకు వారు చేరి, రెండేళ్ళ తర్వాత పెళ్ళిలో కలిసినప్పుడు ‘అయ్యో, మీరూ అక్కడేనా’ అనుకుంటున్నాం.

కొందరు పెద్దలు అడుగుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడితే చాలదా, బడి ఎందుకని. మాట నిలవడానికి ఇల్లు చాలు, కోవిల్‌పట్టి వాళ్ళే సాక్ష్యం. అక్షరానికి ఇల్లు చాలదు, దానికీ వాళ్ళే సాక్ష్యం. సాయంత్రం అవ్వ చెప్పే కథ బిడ్డ వింటుంది. తాత ఉత్తరం, భూమి పత్రం, పెళ్ళి శుభలేఖ, గుడి గోడ మీది శాసనం చదవాలంటే పలకా బలపమూ కావాలి. బడి దొరకని తావులో వారానికి రెండు సాయంత్రాలు ఒక ఇంట్లో అక్షరాలు దిద్దించే ఏర్పాటైనా చేయాలి. దానికీ నలుగురు దగ్గరగా ఉండాల్సిందే.

ఇంట్లో పెద్దవాళ్ళ సంగతీ ఇంతే. కొడుకు వెంట పట్నం వచ్చిన అవ్వకు తమిళం రాక కాదు, మన వైపు పెద్దలకు రెండు మూడు భాషలు వచ్చు. పన్నెండో అంతస్తులో తలుపులు మూసుకుని ఉంటే ఏ భాష వచ్చినా మాట్లాడే మనిషి ఉండరు. గుడి, అంగడి, పార్కు నడిచి పోయే దూరంలో ఉన్న పాత వీధిలో రెండు గదుల ఇల్లు, వాళ్ళకు కొత్త అపార్టుమెంటు కంటే మేలు.

ఇంటికి దారి

మూడో ప్రశ్న ఊరికి వచ్చే దారి. కృష్ణగిరి జిల్లా కేంద్రమైనా అక్కడ రైలెక్కే స్టేషను లేదు. హోసూరు స్టేషను బెంగళూరు–సేలం మార్గంలో ఉంది. చెన్నపట్నం పెద్ద లైను బంగారుపేట, కుప్పం, జోలార్‌పేట మీదుగా పోతుంది. అందుకే మనవాళ్ళు బస్సునే నమ్ముతారు, లేదా జోలార్‌పేటకో కుప్పానికో వచ్చి రైలెక్కుతారు.

2023 డిసెంబరు చివర్లో కిళాంబాక్కం బస్టాండు తెరిచాక దక్షిణ జిల్లాల బస్సులు అటు మళ్ళాయి. ఆంధ్ర వైపు బస్సులు 2018 నుంచి మాధవరంలో ఉన్నాయి. వేలూరు, కృష్ణగిరి, హోసూరు వైపు బస్సులకు కోయంబేడే తావు. పడమటి బస్సుల కోసం పూందమల్లి దాటాక కుత్తంబాక్కంలో కొత్త బస్టాండును తలపెట్టారు. అంటే ముందుముందు మన దారి మరింత పడమటికి జరుగుతుంది. సిరుసేరి దగ్గర ఇల్లున్నవాళ్ళకు శుక్రవారం సాయంత్రం పట్నం దాటి రావడానికే గంటన్నర, రెండు గంటలు పడుతుంది. పోరూరు, పూందమల్లి, అంబత్తూరు, ఆవడిలో ఉన్నవాళ్ళు అప్పటికి శ్రీపెరుంబుదూరు దాటి ఉంటారు. పెరంబూరు, ఆవడి వైపు ఉన్నవాళ్ళకు రైలు కూడా దగ్గరే.

కట్టుబడిలో ఉన్న బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే మీద మనలో కొందరికి ఆశ ఉంది. దాదాపు 260 కిలోమీటర్ల ఆ రోడ్డు హొసకోట నుంచి కోలారు, చిత్తూరు, రాణిపేట జిల్లాల మీదుగా శ్రీపెరుంబుదూరుకు పోతుంది. హోసూరునూ కృష్ణగిరినీ అది తాకదు. మనకు పాత జాతీయ రహదారే గతి. మెట్రో రెండో దశ మాత్రం మన లెక్కను మారుస్తుంది. 118.9 కిలోమీటర్ల ఆ పనిలో ఒక మార్గం పూందమల్లి నుంచి వడపళని, కోడంబాక్కం, టి. నగర్ మీదుగా లైట్‌హౌస్ దాకా వెళుతుంది. అది పూర్తయితే పడమట కాపురముండి, పాత ఊళ్ళోని తెలుగు బడికీ గుడికీ నేరుగా పోయి రావచ్చు.

బాడుగ, అడ్వాన్సు, ఓటు, లెక్క

పట్నంలో ఒకప్పుడు పది నెలల బాడుగ అడ్వాన్సుగా అడగడం మామూలు. 2019 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన తమిళనాడు అద్దె చట్టం ప్రకారం, రాతకోతల్లో వేరేగా ఒప్పుకోకపోతే మూడు నెలలకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. బాడుగ 15 వేలైతే అడ్వాన్సు 45 వేలు, లక్షన్నర కాదు. ఒప్పందం రాతలో ఉండాలి, అద్దె అధికారి దగ్గర నమోదు కావాలి. ‘ఒప్పుకుంటే’ అన్న ఆ చిన్న మాటలోనే కిటుకంతా ఉంది కాబట్టి సంతకం పెట్టే ముందు ఆ పంక్తిని చదవాలి.

కొందరు చెన్నపట్నమే ఎందుకు, మన భాష ఉన్న సముద్రతీరానికే పోదాం, విశాఖపట్నం ఉంది కదా అంటున్నారు. 2025 అక్టోబరులో గూగుల్ అక్కడ 15 బిలియన్ డాలర్ల డేటా కేంద్రాన్ని ప్రకటించాక ఈ మాట పెరిగింది. భాష వరకు అది సుఖమే. కానీ కుల ధ్రువపత్రం రాష్ట్రం దాటితే పనిచేయదు. ఇక్కడ వెనుకబడిన తరగతి బిడ్డ అక్కడ రిజర్వేషను అడగలేదు. ఆంధ్రలో స్థానిక అభ్యర్థి కావాలంటే అక్కడ వరుసగా ఏళ్ళ తరబడి చదివి ఉండాలి. పదో తరగతిలో ఉన్న బిడ్డను తీసుకుని పోయే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

ఇల్లు మారినవాళ్ళు ఓటు సంగతి మరువకూడదు. 2025 నవంబరులో మొదలైన ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణలో, ఊరు మారినవాళ్ళ పేర్లు పెద్ద ఎత్తున పోవడం చూశాం. హోసూరులో పేరు పోయి, పట్నంలో పేరు ఎక్కకపోతే మన సంఖ్య ఏ నాయకుడికీ కనబడదు.

అంతకంటే పెద్దది జనాభా లెక్క. దేశమంతా ఇళ్ళ లెక్కకు 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా గడువు పెట్టారు. జనం లెక్క 2027 ఫిబ్రవరిలో. మాతృభాష రాసుకునేది ఆ రెండో విడతలో. లెక్క రాసేది మనిషి ఉన్న తావులో. ఊరిలో ఉన్న తాత ఇక్కడ తెలుగు అని రాయించినా, పట్నంలో ఉన్న మనవడు అక్కడ ఏమి చెబుతాడో అదే అతని లెక్క. లెక్కల వాళ్ళ నిర్వచనంలో మాతృభాష అంటే బాల్యంలో తల్లి మనతో మాట్లాడిన భాష. బడిలో చదివిన భాష కాదు, ఆఫీసు భాష కాదు. తెలిసిన మిగతా భాషలు వేరే గడిలో రాసుకుంటారు కాబట్టి తమిళం వదిలేసినట్టు కాదు. ఇంట్లో ప్రతి మనిషికీ విడిగా రాయించాలి. ‘అందరికీ తమిళమే వేసేయండి’ అని తలుపు దగ్గరే తేల్చేస్తే, రేపు బడిలో తెలుగు టీచరును అడిగే పది మందిలో ఒకరు తగ్గినట్టే.

మేము చెప్పేది

ఒక్కసారే ఇల్లు కొనవద్దు. ముందు బాడుగకు ఉండి, ఒక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ వీధిని చూడండి. ఒరగడం, శ్రీపెరుంబుదూరులో పని అయితే పూందమల్లి, ఆవడి, అంబత్తూరు వైపు మెరక వీధులు పనికి, ఊరికి రెంటికీ కలిసొస్తాయి. అక్కడ కూడా చెరువు కట్ట కింద తావులు, కొరట్టూరు వంటి పల్లపు పేటలు చూసి తప్పుకోవాలి. సచివాలయం, హైకోర్టు పని అయితే పెరంబూరు చుట్టుపట్ల పాత వీధుల్లో తెలుగు పొరుగు దొరుకుతుంది. శ్రీసిటీ అయితే మాధవరం, పుళల్ వైపు చూడండి. పాత మహాబలిపురం రోడ్డులో పని అయితే చిత్తడి పక్కకు పోకుండా సైదాపేట, టి. నగర్ వైపు వెతకండి. బాడుగ ఎక్కువే. ఒక గది తగ్గించుకున్నా బడి, గుడి, పొరుగు దొరుకుతాయి.

ఇల్లు ఖాయం చేసే ముందు ఆ పేటలో బడికి వెళ్ళి తెలుగు పాఠం ఏ తరగతి దాకా ఉంది, ఎంతమంది పిల్లలున్నారు, టీచరు ఉన్నారా అని ముఖాముఖి అడగండి. లేకపోతే అదే బడిలో మనవాళ్ళ బిడ్డలు ఎందరున్నారో కనుక్కోండి. ముగ్గురుంటే మీ బిడ్డతో నలుగురు. వచ్చే ఏడు పోయేవాళ్ళకు ఆ బడి పేరు చెప్పండి. ఊళ్ళోని సంఘాలు, గుడి పెద్దలు చేయాల్సిన పని కూడా ఒకటుంది. పట్నం పోయిన మన కుటుంబాలు ఏ పేటలో ఉన్నాయో, బిడ్డలు ఏ బడిలో ఉన్నారో ఒక పుస్తకంలో రాసి ఉంచడం. పోబోయేవాళ్ళు ముందు ఆ పుస్తకం చూసి, తర్వాత బాడుగ అడుగుతారు. పది పేర్లు ఒక బడి కింద చేరిన నాడు అర్జీ రాయడానికి మేము కూడా తోడుంటాం.